దేముడమ్మ సీటు

నర్సీపట్నంలో ఎవడికి పిర్రలు నొప్పెట్టినా నా దగ్గరికే రావాలి. గొప్పకి సెప్పడం లేదు, ఉన్నమాట. బండి మీద పది ఊళ్లు తిరిగి, నడుం పట్టేసి, దిగాక కూడా వంగిపోయి నడిసే ప్రతీవోడూ అబీద్ సెంటర్ దాటి, కేడీపేట రోడ్డులో "మన్మథరావు సీట్ వర్క్స్" అని రాసున్న రేకుల షెడ్డు కాడ ఆగాల్సిందే.

ఆ మన్మథరావుని నేనే. పేరు సూసి నవ్వకండి. మా నాయన పెట్టేసి ఎల్లిపోయాడు, మోస్తన్నది నేను. నాకు కోపం ఎక్కువంటారు. ఎక్కువేటి కాదు, సరిపడగానే ఉంది. పని తెలీనోడు నా షాపులో నిలబడి ఫోమ్ గురించి నాకే పాఠం సెప్తే ఒళ్లు మండదా మరి?

సీటు సంగతి రెండు ముక్కలు సెప్తాను. జనం సీటెలగ ఎంచుతారో తెలుసా? బొటనేలెట్టి నొక్కి. మెత్తగా దిగిపోతే సాలు, "ఆహా, ఇది బాగుంది మేస్త్రిగారూ, ఇదే ఎయ్యండి" అంటారు. ఒరే, బొటనేలి మీద కూకుంటావేట్రా నువ్వు? మెత్తటి ఫోమ్ మీద పావుగంట స్వర్గం. గంట గడిసేసరికి ఫోమంతా అణిగిపోయి అడుగునున్న రేకు తగుల్తాది. దూరం ఎల్లేవోడికి గట్టి సీటే సుఖం. అడుగున కొబ్బరి పీచు, దాని మీద గట్టి ఫోమ్, ఆపైన ఒక్క వేలు మందాన మెత్తటిది, ఆపైన రెక్సిన్. ఈ మాట ఇరవై ఏళ్లుగా సెప్తన్నాను. ఒక్కడు నమ్మడు. సివరికి నా మాటే గెలుస్తాది, అది వేరే సంగతి.

కుట్టిన సీటుకి నేనొక పరీక్ష పెడతాను. బండి స్టేండెయ్యించి, సీటు మీద అటూ ఇటూ కాళ్లేసి కూకుని టీ తాగుతాను. టీ అయ్యేదాకా ఎక్కడా కదలాలనిపించకపోతే సీటు పాసు. మా ఆవిడ జోగులమ్మ మిషన్ మీద రెక్సిన్ కుడతాది. ఆవిడ దీన్ని పరీక్షనదు, టీ తాగడానికి వంకంటాది. అనుకోనీండి.

రెండు వేల సంవత్సరం, వానాకాలం మజ్జిలో ఒక పొద్దున్న షట్టరెత్తాను. ముందు వాసనొచ్చింది, ఎండు సేపల వాసన. దాని ఎనకాల బండొచ్చింది. బండి మీంచి సన్నగా, నల్లగా, మాట్లాడితే ఏటి పోద్దో అన్నట్టు పెదాలు బిగించుకున్న మనిషి దిగాడు. రేవుపోలవరం లక్ష్ముడట. ఎనకాల్నించి ఆడి పెళ్లాం దేముడమ్మ దిగింది. దిగిందంటే అలగా ఇలగా కాదు, ఆడి భుజం పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒక కాలు నేలకి ఆనించి, రెండోదాన్ని సేత్తో పట్టి కిందకి దించుకుంది. నలభై కూడా లేని మనిషి.

"మేస్త్రిగారూ, దీనికి సీటు మార్సాలండి," అన్నాడు లక్ష్ముడు.

"దీనికంటే బండికా, మీ ఆవిడకా?"

ఆడు నవ్వలేదు. కూకోమంటే బల్ల సివర కూకుని, మాటకీ మాటకీ మజ్జిన బోల్డంత జాగా ఒదిలి సంగతి సెప్పాడు.

దేముడమ్మ పని ఎండు సేపల అమ్మకం. రేవులో ఎండబెట్టిన నెత్తళ్లు, సావిడాయిలు, రొయ్యపొట్టు బుట్టలకెత్తి వారం వారం కొయ్యూరు సంతకి పట్టుకెల్తాది. ఆవిడ అత్తదీ అదే పని. అత్త కాలంలో బుట్టలు బస్సు టాపు మీద ఎల్లేవి. తరవాత్తరవాత కండక్టర్లు ఒప్పుకోలేదు. టాపు మీదెట్టినా వాసన కిందకి దిగుతందని పేసింజర్ల గోల. అప్పుడు తొంభై మూడులో ఈ సెకండ్‌హేండ్ బండి కొన్నారు. కుడిపక్క ఇనప కడ్డీల సట్రం కట్టించి దాన్లో ఒక పెద్ద బుట్ట, ఎనక కేరియర్ మీద ఇంకో బుట్ట. ముందు లక్ష్ముడు. మజ్జిన మిగిలిన మూరెడు జాగాలో దేముడమ్మ. రేవు నుంచి అడ్డరోడ్డు, కోటవురట్ల, నర్సీపట్నం, కేడీపేట, కొయ్యూరు. రానూ పోనూ నూట నలభై కిలోమీటర్లకి తక్కువుండదు. ఏడేళ్లుగా ఇదే వరస.

"తుంటి పట్టేసిందండి. డాక్టరు బండి మానెయ్మన్నాడు. దీపావళి దాకా సూస్తాను, తగ్గకపోతే కొయ్యూరు మానేస్తానంటంది," అన్నాడు.

"మానేస్తే మానేసింది. నువ్వెల్లి అమ్ముకో."

"నేనా?" అన్నాడు, అదేదో సముద్రంలో దూకమన్నట్టు. "ఒకపాలి ఎల్లానండి. దానికి జొరమొస్తే. ఎల్లిన బుట్టలు ఎల్లినట్టే తిరిగొచ్చాయి."

"ఏం, ఎవరూ రాలేదా?"

"అందరూ వచ్చారండి. దేముడమ్మేదని అడిగి ఎల్లిపోయారు."

నవ్వొచ్చింది గాని ఆడి మొకం సూసి మింగేశాను. సంగతి అర్థమైంది. ఈ సీటు కుదిరితే ఆవిడ సంతకెల్తాది, కుదరకపోతే లేదు. మంచి పని తగిలిందని నాకు లోపల్లోపల సంబరం కూడా వేసింది. ఇలాటి మొండి నడుములంటే నాకిష్టం.

దేముడమ్మ బయట చూరు కింద నిలబడి వింటంది. మేం ఫోమ్ గురించి మాట్లాడతంటే గుమ్మం దాకా వచ్చి, "మేస్త్రిగారూ, అది కాదండి, నాకు ఇక్కడ..." అని కుడి తుంటి మీద సెయ్యేసి ఏదో సెప్పబోయింది.

"అమ్మా, ఫోమ్ సంగతి నీకు తెల్దు. నువ్వు నిమ్మళంగా ఉండు. నొప్పి నీది, మందు నాది," అన్నాను.

ఆవిడ మళ్లీ చూరు కిందకి ఎల్లిపోయింది. మిషన్ మీంచి జోగులమ్మ తలెత్తి నాకేసి ఒక సూపు సూసింది. దాన్నీ పట్టించుకోలేదు.

వారానికి సీటు తయారు. ఎంత బాగా వచ్చిందంటే ఇవ్వబుద్ధి కాలేదు. అంచు సుట్టూ తాడంత లావు పైపింగ్ తిప్పాను, అందం కోసం. అటూ ఇటూ కాళ్లేసి కూకుని, ఒకటి కాదు, రెండు టీలు తాగాను. కదలబుద్ధి కాలేదు. "లక్ష్ముడూ, మీ ఆవిడింక బండి దిగనంటాది సూడు," అని కీ ఆడి సేతికిచ్చాను.

రెండు వారాలకి తిరిగొచ్చాడు. బండి దిగి, బల్ల సివర కూకుని, నేల సూస్తా అన్నాడు.

"ఎక్కువయిందండి."

"ఏటి, సుఖమా?"

"నొప్పండి."

నాకు సిర్రెత్తుకొచ్చింది. నా సీటా? నా సీటు మీద నొప్పా? "మీ ఆవిడకి మెత్తటి సీటు అలవాటేమో. గట్టిది ఒంటికి పడ్డం లేదు. సరే, నాదేం పోయింది, మెత్తగా ఎయ్యమంటే మెత్తగా ఏస్తాను," అన్నాను. నా ఇరవై ఏళ్ల మాటని నేనే మింగి, మెత్తటి ఫోమ్ తెచ్చి, ముందు సీటు కిందకీ ఎనక సీటు పైకీ మెట్టులాగా ఎత్తి, సోఫాలాటిది కట్టి, అంచుకి మళ్లీ అదే పైపింగ్ తిప్పాను. టీ పరీక్ష పెట్టాను. అదీ పాసే.

ఈసారి లక్ష్ముడు వారానికే వచ్చాడు. రాడమే నిలబడి మాట్లాడాడు, కూకోలేదు.

"కోటవురట్ల కాడ దిగిపోయిందండి. ఇంక ఎక్కనంది. రోడ్డు పక్కన కూకుని ఏడిసింది. ఏడేళ్లలో ఎప్పుడూ ఏడవలేదండి అది. మీకు పని రాపోతే రాదని సెప్పండి, మేం తుని ఎల్తాం."

తుని! నర్సీపట్నంలో మన్మథరావుండగా సీటు కుట్టించుకోడానికి తుని! నోటికెంతొస్తే అంత తిట్టాను. ఆణ్ణి, ఆడి బండిని, ఆ బుట్టల్ని, సముద్రాన్ని కూడా తిట్టినట్టున్నాను. ఆడు విన్నంతసేపు విని, బండి స్టార్ట్ చేసి ఎల్లిపోయాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ సేసే గంగులు నల్లద్దాలు తీసి మరీ సూశాడు.

 దీపావళి నెల్రోజులుంది. కోటవురట్ల రోడ్డు పక్కన ఏడుస్తా కూకున్న మనిషి కళ్ల ముందుకొస్తంది. కత్తెర పట్టుకున్నా, ఫోమ్ కోస్తన్నా అదే. రెండ్రోజులు అన్నం సయించలేదు.

మూడోనాడు జోగులమ్మ మిషనాపింది. "ఏటయ్యా, ఒక్కటడుగుతాను, కోప్పడకు," అంది. ఆవిడ అలగందంటే నేను కోప్పడేదేదో రాబోతందన్నమాట.

"అడుగు."

"టీ తాగేటప్పుడు నువ్వెలగ కూకుంటావు?"

"సీటు మీద."

"అదే, సీటు మీద ఎలగ? అటో కాలు, ఇటో కాలు ఏసుకుని. మరి దేముడమ్మెలగ కూకుంటాది?"

నేను ఫోమ్ కోసే కత్తి కిందెట్టాను.

"సీర కట్టుకున్న మనిషి ఒక పక్కకే కూకుంటాది. పైగా ఆ బండికి కుడిపక్క బుట్టాయె. అటు కాలెయ్యాలన్నా ఎక్కడేస్తాది? రెండు కాళ్లూ ఎడం పక్కకి ఏలాడేసుకుని, ఒళ్లంతా ముందుకి మెలితిప్పుకుని కూకోవాలి. నీ సీట్లన్నీ మగోళ్ల కోసం కుట్టినవి. ఇరవై ఏళ్ల నుంచి ఆడోళ్లు వాటి మీద పక్కకి కూకుంటన్నారు."

"ఇరవై ఏళ్ల నుంచి తెలిసీ నాకెందుకు సెప్పలేదే?"

"ఫోమ్ సంగతి నాకు తెల్దన్నావు కదా," అంది, దారం పళ్లతో కొరికి.

గాలి తీసేసింది. కానీ ఒప్పుకుంటే మన్మథరావునెలగవుతాను? "పక్కకి కూకుంటే మాత్రం ఏటి? అదే ఫోమ్, అదే పిర్ర," అన్నాను.

"అయితే ఒకపాలి కూకో. పంచె బిగించి కట్టుకుని, కాళ్లు ఎడం పక్కకేసి, కొయ్యూరు దాకా. అప్పుడు సెప్పు."

మాటకి మాట. సరే అనేశాను. గంగులు అద్దాలు తీసుంచుకునే విన్నాడు, ఇంక ఎనక్కి తగ్గేదెలగ? లక్ష్ముడికి కబురెట్టాను. దేముడమ్మని ఆ వారం ఖాళీ సేతుల్తో బస్సులో రమ్మని, బుట్టల్తో పాటు నన్ను ఎక్కించుకోమని. తిట్టినందుకు క్షమాపణ కూడా అదే కబురులో సెప్పేశాను. ఎదురుగా సెప్పడం నాకు రాదు.

సంత రోజు పొద్దున్న ఆ బండెక్కడమే ఒక తమాషా. ఎడం పక్కకి తిరిగి కూకుంటే కాళ్లు గాల్లో ఏలాడతన్నాయి.

"ఒరే, కాలెట్టుకోడానికి ఫుట్‌రెస్టేదిరా?"

"అది తీసేశామండి. బుట్ట సట్రం బిగించడానికి ఆ బోల్టే కావలసొచ్చింది."

"ఎప్పుడు?"

"బండి కొన్నప్పుడేనండి."

ఏడేళ్లు. ఏడేళ్లు ఆ మనిషి కాళ్లు గాల్లోనే ఉన్నాయి. నేను రెండు సీట్లు కుట్టాను, ఆ బండి సుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, ఒక్కసారీ కిందకి సూళ్లేదు.

కేడీపేట రోడ్డులో నాలుగు కొట్లు దాటేసరికి నా పరువు గంగలో కలిసిపోయింది. టీ కొట్టు కాడ నా కస్టమర్లే నిలబడి, "ఏటి మన్మథరావుగారూ, అత్తోరింటికా?" అంటన్నారు. "మీ అత్తోరింటికే, మీ అత్తని సీటు కొలతలడిగొస్తాను," అని అరిసాను. అరిసినపుడు బండి గుంతలో పడింది. నాలిక కొరుక్కున్నాను.

మొదటి పావుగంటా పౌరుషం మీద గడిసింది. తరవాత అసలు సంగతి మొదలైంది. సీటు మజ్జిలో గూనిలాగా ఉంటాది కదా, మగోడికది రెండు తొడల మజ్జినా సుఖంగా ఇమిడిపోద్ది. పక్కకి కూకున్నోడికి ఆ గూని మీద ఒక పిర్ర ఎత్తు, ఒక పిర్ర పల్లం. లక్ష్ముడు బ్రేకేసినప్పుడల్లా ముందుకి జారతాను. నేనెంతో మోజుపడి కట్టిన మెట్టు అంచు సరిగ్గా కుడి తుంటి కింద పొడుస్తాది. అందం కోసం తిప్పిన పైపింగ్ తొడ కింద తాడులాగా కోసేస్తంది. కాలికి ఆనిక లేదు. వీపానిద్దామంటే బండి కుడిపక్క ఏదీ లేదు, గాలి, దాని కింద సేపలు. కుడి సెయ్యి లక్ష్ముడి నడుం మీద, ఎడం సెయ్యి కేరియర్ కడ్డీ మీద. పంచె ఎగిరిపోతంటే పట్టుకోడానికి మూడో సెయ్యి లేదు.

"లక్ష్ముడూ, ఒక్కపాలి ఆపరా, కాళ్లు తిమ్మిరెక్కాయి."

"ఇక్కడెక్కడండి, గొలుగొండ కూడా రాలేదు."

"మీ ఆవిడ ఆపమనదా?"

"అనదండి. సంతకి ఆలిస్యమైపోద్దని."

కేడీపేట దాటాక రోడ్డు సంగతి మీకు సెప్పక్కర్లేదు. వాన పడి గోతులు, గోతుల్లో నీళ్లు, నీళ్లల్లో రాళ్లు. ఆ కొండ ఘాటీ మలుపుల్లో నేను తల్సుకోని దేవుడు లేడు. కొయ్యూరు సంతలో బండాగేసరికి దిగడం రాలేదు నాకు. లక్ష్ముడి భుజం పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒక కాలు ఆనించి, రెండోదాన్ని సేత్తో దించుకున్నాను. అప్పుడు గానీ తెలీలేదు, రెండు నెల్ల కిందట నా షాపు ముందు ఇలగే దిగిన మనిషినే నేను నోరు మూసుకోమన్నానని.

దేముడమ్మ అప్పటికే బస్సులో వచ్చేసి గోనెపట్టా పరిసి కూకునుంది. నన్ను సూసి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ కోపం రాలేదు, రాడానికి ఒంట్లో ఓపికేదీ? ఒక గోనె మడిసి, "ఇలగ పడుకోండి మేస్త్రిగారూ," అంది. పరువు గురించి ఆలోచించకుండా పడుకున్నాను.

అక్కడ పడుకునే సంత సూశాను. లక్ష్ముడు బుట్టలు విప్పాడో లేదో మనుషులు మూగారు. కొండ మీంచి దిగొచ్చిన ఆడోళ్లు, సీపురు కట్టలూ సింతపండూ పసుపు కొమ్ములూ ఎత్తుకొచ్చినోళ్లు, అందరి నోటా ఒకటే పేరు. "దేముడమ్మా, పోయినారం రాలేదేటి?" "దేముడమ్మా, మా కోడలు నీళ్లోసుకుంది." ఆ కోడలి కోసమని ఇంకో గుప్పెడు నెత్తళ్లు పడ్డాయి. ఒక ముసలామెకి ఆవిడే సేపల తలలు తుంపి ఇచ్చింది, ఆ ముసలామె పళ్లూడిపోయాయట. ఒకత్తి పక్కనే కూకుని మొగుడి మీద పితూరీలు సెప్పుకుంది. అమ్ముతన్నట్టే లేదు, వారానికోసారి సుట్టాలొచ్చినట్టుంది. ఇంత నోరున్న మనిషి నా షాపులో ఒక్క ముక్క సెప్పలేకపోయింది, నా మూలాన.

మజ్జానం రద్దీ తగ్గాక నాకు గ్లాసుడు టీ తెప్పించి ఇచ్చింది.

"రేవులో నన్ను లక్ష్ముడి పెళ్లామంటారండి," అంది, తట్ట సర్దుకుంటా. "అంతకు ముందు సింహాద్రమ్మ కోడలనేవోరు. నా పేరెట్టి పిలిసేది ఇక్కడేనండి. ఇదొక్కటి పోతే నేను ఇంట్లో కూకుని ఏటి సెయ్యాలి?"

 "తప్పయిపోయిందమ్మా," అన్నాను. నా అంతట నేను ఆ మాటన్నది అదే మొదలు. జోగులమ్మ దగ్గర లేదు కాబట్టి సరిపోయింది.

తిరిగి ఎలగొచ్చానంటారా? బస్సులో. నిలబడి. సీటు ఖాళీ ఉన్నా కూకోలేదు.

తరవాత వారం దేముడమ్మని మా పెరట్లోకి రమ్మన్నాం. కొలతలు నేను తీసుకోలేదు, జోగులమ్మ తీసింది. బండి మీంచి సీటు తీసేసి, ఒక సెక్క పరిసి, దాని మీద గోనెసంచి ఏసి, తడిపిన ఇసక పోసి సదును సేశాం. దేముడమ్మ దాని మీద పక్కకి కూకుంది. సంతకెల్లేటప్పుడెలగ కూకుంటాదో అలగే. లక్ష్ముడు ముందు కూకున్నాడు. కుడిపక్క బుట్ట కూడా కట్టాం, బరువుతో సహా. కాసేపాగి మెల్లగా దిగమన్నాం. ఇసకలో ఆవిడ కూకున్న గుర్తు పడింది. కుడి పిర్ర కింద బెత్తెడు లోతు, ఎడం పిర్ర కింద ఏదో తగిలీ తగలనట్టు, తొడ కిందకొచ్చేసరికి అంచు విరిగి కిందకి జారిపోయింది. ఏడేళ్ల నొప్పంతా ఆ ఇసక మీద అచ్చుగుద్దినట్టు కనిపించింది. ఆడాళ్లిద్దరూ సూసి, "అదేనండి, అక్కడేనండి" అంటన్నారు. నేను నోరెత్తకుండా రాసుకున్నాను.

"దేముడమ్మా, ఇక్కడ ఎంత గట్టిగా ఉండాలి?" అని అడిగాను.

"నన్నా అడుగుతన్నారు?" అంది.

"నిన్నే. ఫోమ్ సంగతి నాకు తెలుసు. మిగతాది నువ్వు సెప్పు."

సెప్పింది. అరగంట సెప్పింది. మజ్జిలో నేను రెండుసార్లు అడ్డం పడబోతే జోగులమ్మ నా కాలు తొక్కింది.

ఎనక సీటు మజ్జిలో గూని తీసేసి బల్లలాగా సదును సేశాను. ఎడంపక్కకి మూడు వేళ్ల ఎడల్పు పెంచి, కింద సెక్క ఆనిక ఇచ్చాను. ఆ అంచుకి పైపింగ్ లేదు, గుండ్రంగా కిందకి మడిసేశాను. ముందుకి జారకుండా ఎనక్కి రవ్వంత వాలు. అడుగున పీచు, మీద గట్టి ఫోమ్. గంగులు సేత కుడిపక్క కుర్చీకున్నట్టు వీపానడానికి ఒక కడ్డీ వెల్డింగ్ సేయించి దానికి మెత్త కుట్టాను. బుట్ట సట్రానికి వేరే బోల్టు ఎతికి, ఎడంపక్క రెండు పాదాలూ పట్టే రేకు ఫుట్‌రెస్టు బిగించాను. సూడ్డానికి ఎలగుందంటారా? దరిద్రంగా ఉంది. ఒక పక్క ఎడల్పు, ఒక పక్క కడ్డీ. గంగులు పడీ పడీ నవ్వాడు. నవ్వనీ.

టీ పరీక్ష పెట్టలేదు. నేను పాసంటే ఎవడికి కావాలి?

దీపావళి ముందు సంత. పొద్దున్నే నర్సీపట్నం మీంచి ఎల్తా షాపు కాడ ఆగారు. దేముడమ్మ దిగకుండానే, "ఇప్పుడే సెప్పను మేస్త్రిగారూ. వచ్చేటప్పుడు సెప్తాను," అని ఎల్లిపోయింది. సెప్పకుండా పోడవేటి? పొద్దుటి నుంచీ నాకు పని సాగలేదు. ఒక సీటు రెక్సిన్ తిరగేసి కోసేశాను. కేడీపేట రోడ్డులో ఏ బండి సప్పుడైనా బయటకొచ్చి సూడ్డమే. "ఇంటికి పెళ్లోరొస్తన్నట్టు ఆ తిరుగుడేటయ్యా," అని జోగులమ్మ కసిరింది గాని ఆవిడా మిషన్ మీంచి మెడ సాపి సూస్తానే ఉంది.

సాయంత్రం నాలుగు దాటింది. దూరంగా లక్ష్ముడి బండి కనపడింది. సైకిలు కన్నా నెమ్మదిగా వస్తంది. బండి పాడయిందేమో, తుంటి మళ్లీ పట్టేసిందేమో, మజ్జిలో దిగి ఏడిసిందేమో అనుకున్నాను. రోడ్డు మజ్జికి ఎల్లిపోయాను. "ఏటయిందిరా!" అని అరవబోయాను.

లక్ష్ముడు పెదాల మీద ఏలెట్టి ఊరుకోమన్నాడు. తరవాత ఆ సెయ్యి మళ్లీ నడుం కాడకి తెచ్చుకున్నాడు. అక్కడ దేముడమ్మ సెయ్యుంది, దాన్ని గట్టిగా పట్టుకునున్నాడు. ఆవిడ కుడి చెంప ఆడి వీపుకానించి, ఎనక కడ్డీకి జారబడి, రెండు పాదాలూ రేకు మీద ఆనించుకుని, నోరు కొంచెం తెరుసుకుని నిద్రపోతంది. బుట్టలు ఖాళీగా ఉన్నాయి. బండి మీద నిద్రేటి, జారిపడితే ఏటవుద్దని తిట్టడానికి తిట్లు నాలిక సివరిదాకా వచ్చాయి. "ఘాటీ దిగాక నిద్ర పట్టేసిందండి, ఆపితే లేసిపోద్దని ఆపలేదు," అని గుసగుసగా అనుకుంటా లక్ష్ముడు నా పక్కనించే ఎల్లిపోయాడు.

సెంటర్ వైపు నుంచి కలప లారీ ఒకటి వస్తంది, రోడ్డు మజ్జినున్న నా మీదకే. నేను రెండు సేతులూ ఎత్తి, హారన్ కొట్టొద్దని ఆ డ్రైవర్ని బతిమాలుకున్నాను.